నలభై ఏడేళ్ళ వయసులో ఎల్ బోర్డు

కారు నేర్చుకోవాలని నాకు ఎప్పుడూ లేదు. మా ఆయన మోకాలికి ఆపరేషన్ జరిగి, మూడు నెలలపాటు క్లచ్ తొక్కొద్దని డాక్టరు చెప్పడంతో ఇంటి ముందు కారు కవరు కప్పుకుని నిలబడిపోయింది. నేనేమో వారానికి నాలుగు రోజులు పొద్దున్నే బస్సు పట్టుకుని తెనాలి చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగే మనిషిని. మా అబ్బాయి ఫోన్లో, "నువ్వే నేర్చుకోవచ్చుగా అమ్మా, ఊళ్ళో అందరికీ నేర్పుతావు" అన్నాడు. అది ప్రోత్సాహమో వెటకారమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అందరికీ నేర్పుతాననేది మాత్రం నిజమే. మహిళా సంఘాల పుస్తకాలు రాసేవాళ్ళకి పద్నాలుగేళ్ళుగా శిక్షణ ఇస్తున్నాను. డ్వాక్రా సంఘాలంటే తొందరగా తెలుస్తుంది. 1982లో మొదలైన ఆ పథకం 1999లోనే ఇంకో పథకంలో కలిసిపోయింది, తర్వాత పేర్లు ఎన్నో మారాయి, జనం నోట్లో మాత్రం ఇప్పటికీ డ్వాక్రాయే. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు-అప్పుల లెడ్జరు, సభ్యుల పాసు పుస్తకాలు. ఇదీ నా సరుకు. నా ముందు కూర్చునేవాళ్ళలో పదో తరగతి చదివిన కొత్త కోడళ్ళుంటారు, సంతకం ఒక్కటే వచ్చిన సంఘం లీడర్లుంటారు. ఆ లీడర్లలో కొందరికి మా అమ్మ వయసు.

పెద్దవాళ్ళకి ఎలా నేర్పాలో కూడా నాకు తెలుసనే అనుకున్నాను. కొత్త ట్రైనర్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు నా పీపీటీలో మూడో స్లైడు మాల్కమ్ నోల్స్ మీదే. 1970 ప్రాంతంలో అమెరికాలో వయోజన విద్య గురించి ఆయన చెప్పిన మాటలు నాకు నోటికి వచ్చు: పెద్దవాళ్ళు ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే నేర్చుకుంటారు, తమ అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారు, తమ మీద ఒకరి పెత్తనాన్ని ఒప్పుకోరు. స్లైడు చదివేదాన్ని, తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయేదాన్ని.

ముందు ఎల్ఎల్ఆర్ తీసుకున్నాను. రోడ్డు గుర్తుల మీద కంప్యూటర్ పరీక్ష ఇబ్బంది లేకుండా అయిపోయింది, చదువుకున్నదాన్ని కదా. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజులు, రోజుకి అరగంట అని మాట్లాడుకున్నాను. నేర్పే కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. మర్యాదస్తుడు, ప్రతి మాటకీ మేడమ్ తగిలిస్తాడు. మొదటి రోజు కాలవ గట్టు రోడ్డు మీద కారు ఆపి చెప్పాడు: "కుడి నుంచి ఎడమకి ఏ, బీ, సీ అని గుర్తు పెట్టుకోండి మేడమ్. యాక్సిలరేటర్, బ్రేకు, క్లచ్. క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ దించి, మెల్లగా క్లచ్ వదులుతూ హాఫ్ క్లచ్ దగ్గర పట్టుకుని, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ, అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి కదిలించడమే. చాలా సింపుల్ మేడమ్. అర్థమైందా?"

"ఆఁ, అర్థమైంది" అన్నాను.

నాకు ఏ, బీ, సీ దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత అతను చెప్పిన ఒక్క మాటా బుర్రకెక్కలేదు. కారు రెండు సార్లు ఎగిరి ఆఫ్ అయిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. చెమటలు పట్టాయి. కుర్రాడు మళ్ళీ "సింపుల్ మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. వాడు మంచికే అన్నాడు, కానీ ఆ మాట నాకు తగలాల్సిన చోట తగలలేదు, ఇంకెక్కడో తగిలింది. ఇంత సింపుల్ పని నాకు రావడం లేదంటే లోపం పనిలో లేదు, నాలో ఉందన్నమాట.

ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతుంటే గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాటలు ఆ రెండే. "ఇది చాలా సులువమ్మా." "అర్థమైందా?" నగదు పుస్తకంలో ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ చెప్పి, సులువే కదా అనేదాన్ని. ఎదురుగా ముప్పై తలలు ఊగేవి. ఆ ఊగిన తలల్ని చూసుకుని నేను సాయంత్రం బస్సెక్కేదాన్ని. మండల సమాఖ్యలో పుస్తకాలు తనిఖీ చేసినప్పుడు మాత్రం ప్రారంభ నిల్వ గడిలో ముగింపు నిల్వ, ముగింపు నిల్వ గడిలో ఏదో ఒకటి ఉండేది. "ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళకి ఎక్కదండీ" అని నేను కూడా టీ కప్పు పట్టుకుని అన్నదాన్నే.

అర్థం కాకపోయినా అర్థమైందని ఎందుకన్నాను? ఆలోచిస్తే చాలా మామూలు కారణాలే. ఆ కుర్రాడు నొచ్చుకుంటాడని ఒకటి. పక్క సీట్లో మా అబ్బాయి వయసువాడి ముందు మొద్దులా కనబడకూడదని ఒకటి. అన్నిటికన్నా పెద్దది, ఏది అర్థం కాలేదో చెప్పాలంటే అది ఏమిటో నాకు తెలియాలి కదా.

అందుకే క్లాసులో ఆ ప్రశ్న మానేశాను. మొదట్లో నోరు కట్టేసుకున్నట్టు ఉండేది, ప్రతి పది నిమిషాలకీ నాలుక చివరికి వచ్చేసేది. బదులుగా, "మీ తోటికోడలు ఇవాళ రాలేదు, ఇంటికెళ్ళాక ఆవిడకి ఇది ఎలా చెబుతావు?" అని అడగడం మొదలుపెట్టాను. వాళ్ళు చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతారో అక్కడే నా పాఠంలో కన్నం ఉందని తెలిసిపోతుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, బళ్ళో మాకు ఎక్కాలు నేర్పిన మాస్టారు చేసిందీ ఇదే. మధ్యలో ఎక్కడో మరిచిపోయాను.

డ్రైవింగ్ సంగతికొస్తే, పది రోజులయ్యేసరికి నాకు బాగానే వచ్చేసిందనిపించింది. సెంటర్లో ట్రాఫిక్ మధ్యలోంచి కూడా తీసుకెళ్ళాను. ఆవేళ మా ఆయన కర్ర పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. దిగాక నెమ్మదిగా అన్నాడు: "బ్రేకులన్నీ ఆ అబ్బాయే తొక్కుతున్నాడు చూశావా?"

నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చీ ఒక బ్రేకూ ఉంటాయి. అది నాకూ తెలుసు. కానీ నా కాలు బ్రేకు మీద ఉన్నప్పుడే అతని కాలూ పడుతోందని, కారు నా వల్ల ఆగడం లేదని తెలియదు. మర్నాడు గట్టు రోడ్డు మీద అతన్ని కాళ్ళు సీటు మీదకి మడుచుకుని కూర్చోమన్నాను. నవ్వి, కూర్చున్నాడు. మొదటి గేదె అడ్డం రాగానే బండి ఆఫ్. రెండో గేదెకి కూడా ఆఫ్. మూడోసారి ఆగింది, ఆఫ్ అవలేదు. ఆ పది రోజుల్లో నేను నేర్చుకున్నది ఆ అరగంటలోనే.

అప్పుడు నాకు నా పెన్ను గుర్తొచ్చింది. ఎర్ర పెన్ను. శిక్షణలో ఎవరైనా గడి దగ్గర తటపటాయిస్తే చాలు, నేను వంగి, "ఇలా ఇవ్వమ్మా" అని పుస్తకం నా వైపు తిప్పుకుని రాసేసేదాన్ని. చూడటానికి ఎంతో సాయం చేసినట్టుండేది. మూడు రోజుల శిక్షణ అయ్యేసరికి అందరి పుస్తకాలూ ముత్యాల్లా ఉండేవి, ఫొటోలు కూడా తీసుకునేవాళ్ళం. అందులో సగం దస్తూరీ నాది. ఇప్పుడు క్లాసులో తిరిగేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటాను. చూసేవాళ్ళకి ఇన్స్పెక్షన్‌కొచ్చిన ఆఫీసరులా ఉంటానట, ఒకావిడ మొహం మీదే చెప్పింది. ఉంటే ఉండనీ.

దీని వెనక ఇంకో విషయం ఉంది. మనకి బాగా వచ్చిన పని రానివాళ్ళకి ఎలా కనబడుతుందో మనకి గుర్తుండదు. 1990లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని ఒక సరదా ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్ళతో తట్టాలి, విన్నవాళ్ళు పాట పేరు చెప్పాలి. తట్టినవాళ్ళు సగం పాటలైనా పోల్చుకుంటారని అనుకున్నారు. తట్టింది 120 పాటలు, పోల్చుకున్నవి మూడు. తట్టేవాడి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవాడికి టకటకలే. కొత్త ట్రైనర్ల క్లాసులో దీన్ని చేయించి చూశాను. ఒకతను పిల్లలకి అన్నం తినిపించేటప్పుడు పాడే చందమామ పాట తట్టాడు, ఒక్కరూ చెప్పలేకపోయారు. "ఇదీ రాదా మీకు!" అని నిజంగానే విసుక్కున్నాడు. ఆ విసుగునే పట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నాం. నోల్స్ స్లైడు తీసేసి దీన్ని పెట్టాను.

ముప్పై రోజుల గడువు దాటాక టెస్టుకి వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళినా ఎండెక్కేదాకా వరుస కదల్లేదు. కార్లకి హెచ్ ఆకారంలో ట్రాక్ ఉంటుంది, ముందుకి వెళ్ళి, వెనక్కి వస్తూ పక్క గీతలోకి తిప్పాలి. కడ్డీలకి తగలకూడదు. ముందుకి బ్రహ్మాండంగా వెళ్ళాను. రివర్స్‌లో ఎడమ పక్క ఎక్కడుందో తెలియలేదు. టక్ మని కడ్డీ పడింది. "దిగండమ్మా, వారం తర్వాత రండి" అన్నారు. ఒకసారి పోతే ఏడు రోజులదాకా మళ్ళీ టెస్టు ఇవ్వరు.

దిగి చూస్తే, చెట్టు కింద మా క్లాసుకొచ్చిన అమ్మాయి. చేతిలో హెల్మెట్. స్కూటీ లైసెన్సుకి వచ్చిందట, ఎనిమిది ఆకారం ట్రాక్ కాలు కింద పెట్టకుండా పూర్తిచేసి పాసైపోయింది. నేను కడ్డీ పడేయడం మొత్తం చూసింది. భూమిలోకి వెళ్ళిపోతే బావుణ్ణనిపించింది. లెడ్జరులో తప్పు చేసిందని పోయినేడాది అందరి ముందూ నేను నిలబెట్టింది ఈ పిల్లనే. తన పుస్తకాన్ని పైకెత్తి చూపించి, "ఇలా రాయకూడదు" అని చెప్పాను. అప్పుడు తన మొహం చూసిన గుర్తు కూడా లేదు నాకు.

తను మాత్రం చెరుకు రసం ఇప్పించింది. ఎనిమిది ఎలా నేర్చుకున్నావని అడిగాను. "బడి గ్రౌండులో ముగ్గుపిండితో వేసుకున్నాను మేడమ్. మెలికల ముగ్గు వేసేటప్పుడు చుక్కని చూస్తూ కూర్చుంటే చెయ్యి వణుకుతుంది, మెలిక ఎటు తిరుగుతుందో అటు చూడాలి కదా. ఇదీ అంతే, ముందు చక్రాన్ని చూడకూడదు, వెళ్ళాల్సిన చోటుని చూడాలి." ఆ మాట ఎవరూ చెప్పలేదంట తనకి. తన చేతికి ముందే తెలిసినదాన్ని కాలికి చెప్పుకుంది. లెడ్జరులో తప్పుల కోసం నేను నిలబెట్టిన మనిషి ఈమె!

నా ఎడమ పక్క సంగతి మా వీధి చివరింటి ఆర్టీసీ రిటైర్డ్ డ్రైవరు గారు తేల్చారు. నేను పోయిన సంగతి వీధంతా పాకింది కాబట్టి ఆయనే పిలిచారు. అందరిలా మళ్ళీ క్లచ్ దగ్గర్నుంచి మొదలుపెట్టలేదు. "ఏవమ్మా, నీకు ఏది రావట్లేదు?" అని అడిగారు. ఎడమ టైరు ఎక్కడుందో తెలియట్లేదండీ అన్నాను. ఆయన లోపలికెళ్ళి నాలుగు ఎండు నిమ్మకాయలు పట్టుకొచ్చారు. రోడ్డు మీద ఒకటి పెట్టి, "కొత్త బండికి పూజ చేసినప్పుడు నిమ్మకాయ తొక్కిస్తాం కదా, ఎడమ టైరుతో దీన్ని తొక్కు" అన్నారు. మొదటి కాయ అలాగే ఉంది, జానెడు దూరంలోంచి వెళ్ళిపోయాను. రెండోదీ అంతే. నాలుగు కాయలూ అయిపోయేదాకా ఆయన అరుగు మీద నుంచి లేవలేదు, ఒక్క సలహా ఇవ్వలేదు. మర్నాడు నేనే మార్కెట్లో పాడైన కాయలు అరకిలో తెచ్చుకున్నాను. మూడో రోజుకి టైరు కింద చిట్లిన చప్పుడు సీట్లో కూర్చునే తెలిసింది. ఎడమ టైరు నా కాలికి వచ్చేసినట్టయింది. అదే ముందుకి కుదిరాక వెనక్కి చేయించారు. వారం తర్వాత టెస్టు పాసయ్యాను, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

చెప్పాల్సింది ఆ తర్వాతి బ్యాచ్ గురించి. ఆ వూరి పేరు వద్దులెండి.

వడ్డీ లెక్క నా పాఠాల్లోకెల్లా పెద్ద తలనొప్పి. ఎప్పుడూ బోర్డు మీద "సంవత్సరానికి 12 శాతం" అని రాసి మొదలుపెట్టేదాన్ని, అక్కడితో ఆడవాళ్ళ మొహాలు మూసుకుపోయేవి. ఈసారి బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. డ్రైవరు గారిలాగా అడిగాను: "మీ ఊళ్ళో వడ్డీ ఎలా మాట్లాడుకుంటారు?" గది ఒక్కసారిగా సంతలా అయిపోయింది. రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ, బంగారం పెడితే ఎంత, నోటు రాస్తే ఎంత, వారం వారం కట్టే ఫైనాన్సు వాళ్ళు ముందే ఎంత కోసుకుని చేతికి ఇస్తారు. నూటికి నెలకి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, కానీ పది వేలకి ఎనిమిది నెలల వడ్డీ ఎంతో చెప్పమంటే నేను ఫోన్ తీసేలోపు చెప్పేశారు. మధ్యలో ఒక ముసలావిడ నన్ను అడిగింది: "మరి బ్యాంకోళ్ళది నూటికి పన్నెండు రూపాయలంటావు కదమ్మా, అంత వడ్డీ ఎట్టా కడతారే జనం?"

పద్నాలుగేళ్ళలో ఎంతమంది ఇలాగే అనుకుని నోరు మూసుకుని కూర్చున్నారో! వాళ్ళకి వడ్డీ అంటే నెలకి. నేను ఏడాదిదని అనడం వాళ్ళకి వినపడనే లేదు. పన్నెండు శాతమంటే మీ రూపాయి వడ్డీయే అని చెప్పగానే నవ్వులు.

తర్వాత చింతపిక్కలు తీశాం. సంఘంలో ఒకరు 12,000 అప్పు తీసుకున్నారు, రూపాయి వడ్డీ, నెలకి వెయ్యి చొప్పున అసలు కడతారు. పిక్క ఒక్కోటి వెయ్యి. నేల మీద పన్నెండు పిక్కలు. మొదటి నెల వడ్డీ పన్నెండు వేల మీద 120. ఒక పిక్క సంఘం గిన్నెలోకి వెళ్ళింది. రెండో నెల నేల మీద ఎన్ని ఉన్నాయి? పదకొండు. అయితే వడ్డీ 110. అలా ఆఖరి పిక్కకి 10 రూపాయలు. మొత్తం 780. అదే కాగితం మీద చాలామంది రాసేది పన్నెండు నెలలూ 120 చొప్పున, 1,440. రెండూ పక్కపక్కన పెట్టాం.

ఇందాకటి ముసలావిడ, సంతకం తప్ప అక్షరం రాని మనిషి, గిన్నెలోకీ నేల మీదకీ చూసి, "మరి ఆ ఆరొందల అరవై ఎక్కడికి పోతున్నట్టు?" అంది. ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ సంఘం పుస్తకాలు రాసే అమ్మాయి తల వంచుకుంది. ఆ పిల్ల మోసం చేసిందేమీ లేదు, సంఘం డబ్బులో ఎక్కువే జమైంది, నిల్వ మీద కాకుండా మొదటి అప్పు మీదే వడ్డీ వేస్తూ వచ్చింది. నాకు ఒక్క క్షణం పాత అలవాటు పైకొచ్చింది, ఆ పుస్తకం తీసుకుని అందరికీ చూపించబోయాను. చెరుకు రసం గుర్తొచ్చి ఆగాను. ఆ పూటంతా ఆ ముసలావిడా, ఆ అమ్మాయీ పక్కపక్కన కూర్చుని పిక్కలు పెట్టుకుంటూ పాత పేజీలు సరిచేసుకున్నారు. ఒకరికి లెక్క వచ్చు, ఒకరికి రాత వచ్చు. నేను టీ తాగాను.

టైము గురించి కూడా ఒక మాట. నా డ్రైవింగ్ క్లాసు మధ్యాహ్నం పడిన రోజుల్లో కునికిపాట్లు పడేదాన్ని, స్టీరింగు పట్టుకుని కూడా. అయినా మా శిక్షణల్లో లెడ్జరు ఎప్పుడూ భోజనాల తర్వాతే ఉంటుంది, పొద్దుటి పూట పెద్దల ఉపన్యాసాలకి పోతుంది కాబట్టి. నాలుగైతే పాల కేంద్రానికి వెళ్ళాలి వాళ్ళు. ఇప్పుడు లెడ్జరు పదింటికి పెట్టమని గొడవపడుతున్నాను, సగం చోట్ల వింటున్నారు.

అన్నీ చక్కబడ్డాయని మాత్రం చెప్పను. ప్రతి బ్యాచ్‌లో ఐదారుగురు ఉంటారు, పైనుంచి ఫోన్ వచ్చిందని, హాజరు సంతకం కోసం వచ్చినవాళ్ళు. కారు నేర్చుకోవాలన్న అవసరం నాకు ఉంది, మోకాలు మా ఆయనది అయినా. వీళ్ళకి లెడ్జరు అవసరం లేదు, రాసే మనిషి ఇంకొకరు ఉన్నారు ఊళ్ళో. పిక్కలు పెట్టినా, తోటికోడలి కథ చెప్పినా వెనక వరుసలో ఫోన్ చూస్తూనే ఉంటారు. మొన్న వాళ్ళలో ఒకామెని పక్కన కూర్చుని, నీకు ఏం కావాలమ్మా అని అడిగాను. "ఇంటికి పోవాలి మేడమ్, పిల్లాడికి జ్వరం" అంది. పంపించేశాను. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా ఏం రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను, దాని మీద ఇప్పుడు ఆఫీసులో సమాధానం చెప్పుకోవాలి.

వచ్చే సోమవారం పొన్నూరు వైపు బ్యాచ్ ఉంది. కారులోనే వెళ్తున్నాను. డిక్కీలో చింతపిక్కల డబ్బా పెట్టుకున్నాను, నిమ్మకాయలు కూడా ఓ నాలుగు ఉన్నాయి, కల్యాణ మండపాల దగ్గర పార్కింగ్ నాకింకా రాలేదు.